మూసేసిన గని పటాలు, మేడికుంటపల్లె నీళ్లు

కరోనా తగ్గుముఖం పట్టిన తర్వాతి వేసవి, ఏప్రిల్ మొదటి వారంలో నన్ను గోదావరిఖని ఏరియా సర్వే విభాగంలో డిజిటల్ పటాల రిపాజిటరీకి ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి నేను సీనియర్ సర్వే ఆఫీసర్ని. పదవీ విరమణకు ఇంకా రెండేళ్ల పైచిలుకు ఉంది. మోకాళ్లు అరిగిపోయి గనిలో దిగడం కష్టమవుతోందని మెడికల్ బోర్డు రాసిచ్చింది. "నీడపట్టున కూర్చోబెట్టారు, అదృష్టవంతుడివి" అని తోటి ఆఫీసర్లు అభినందించారు. ఆ అభినందనలో ఎగతాళి పాలు ఎంతో నాకు బాగా తెలుసు. అలాంటి గదుల్లోకి వెళ్లినవాళ్లను నేనూ అలాగే అభినందించాను మరి.

గనిలో సర్వేయర్ ఏం చేస్తాడని బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు, కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. భూగర్భ గనికి మేనేజరు అధిపతి. ఆయన కింద ఓవర్‌మన్‌లు, సర్దార్లు మనుషుల చేత పని చేయిస్తారు. సర్వేయర్ ఎవరి చేతా పని చేయించడు, జరిగిన పనిని కొలుస్తాడు. బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా సొరంగాలు తవ్వుకుంటూ పోతారు. వాటిని గ్యాలరీలంటాం. గ్యాలరీల మధ్య కప్పును మోయడానికి వదిలేసే బొగ్గు దిమ్మ పిల్లర్. ప్రతి నెలా ఏ గ్యాలరీ ఎంత ముందుకు పోయిందో కొలిచి పటం మీద గీయడం మా పని. బొగ్గు పొర ఎప్పుడూ ఒక వైపుకు వాలి ఉంటుంది. ఆ లోతు వైపును డిప్ అంటాం.

గని మూతపడ్డాక పంపులు ఆపేస్తారు, గ్యాలరీలన్నీ నీళ్లతో నిండిపోతాయి. ముందుగా నిండేది డిప్ వైపు. ఆ తర్వాత ఆ గని ఎంత మేర ఉందో చెప్పడానికి పటం తప్ప ఇంకేమీ మిగలదు. పక్కన నడిచే గనివాళ్లకు పాత గ్యాలరీల హద్దు సరిగా తెలియకపోతే ఒక బ్లాస్టింగుతో ఆ నీళ్లు వచ్చి మీద పడతాయి. గనిలో ముంచుకొచ్చే నీళ్లను తప్పించుకుని బతికినవాళ్లు తక్కువ. అందుకే మూసేసిన గని పటాన్ని కలకాలం దాచాలని చట్టం చెబుతుంది. ఎలా దాచాలో మాత్రం ప్రతి తరం కొత్తగా నేర్చుకుంటోంది.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు పటాలు గుడ్డ అంటించిన మందపాటి కాగితం మీద ఉండేవి. తర్వాత మైక్రోఫిల్ములు వచ్చాయి. ఫిల్ములు ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉన్నాయి, చూసే మిషను పాడైంది, బాగుచేసేవాడు దొరకలేదు. ఆ తర్వాత సీడీలు. వాటికి బూజు పట్టింది. చివరికి కాంట్రాక్టు ఇచ్చి పటాలన్నీ స్కాన్ చేయించి సర్వర్‌లో పెట్టారు. ఇదే నా చేతికొచ్చిన రిపాజిటరీ. ఏసీ గది, రెండు కంప్యూటర్లు, నేను, నాకు సహాయంగా సుజాత అనే జూనియర్ సర్వే ఆఫీసర్. గనుల్లో ఆడపిల్లలకు ఈ ఉద్యోగాలు ఇవ్వడం మొదలైన తొలి బ్యాచిలో వచ్చింది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఆమెకు పటం ఇస్తే కన్నం పడేలా చూస్తుంది.

చేరిన వారానికే కంప్యూటర్ల విభాగం అధికారి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మంచి మనిషే, లెక్కల మనిషి. స్కాన్ చేసిన కాంట్రాక్టరుతో ఒప్పందం దసరాకు ముగుస్తుందని, పొడిగించాలంటే ఇది ఎవరికి పనికొస్తోందో జీఎం గారికి చూపించాలని చెప్పాడు. జీఎం అంటే ఏరియాలోని గనులన్నిటికీ పెద్ద. గడిచిన ఏడాదిలో సర్వర్‌ను ఎవరెవరు తెరిచారో అతని దగ్గర వివరం ఉంది. తెరిచింది దాదాపు మా విభాగం వాళ్లే, అదీ తనిఖీలు వచ్చినప్పుడు.

"అంతా హార్డ్ డిస్కులో ఎక్కించి బీరువాలో పెట్టేద్దాం సర్. ఎక్కడికీ పోదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ బీరువా తలుపు తీసి మైక్రోఫిల్ము డబ్బాలు బల్ల మీద పెట్టాను. ఇవీ ఎక్కడికీ పోలేదు, చూసి చెప్పవయ్యా లోపల ఏముందో అన్నాను. అతను నవ్వి ఊరుకున్నాడు. నేను నవ్వలేదు. దసరా లోపల ఈ సర్వర్ కావాలని అడిగే మనుషుల్ని చూపించలేకపోతే, మా ముందు మూడు తరాల సర్వేయర్లు కొలిచిన కొలతలన్నీ బీరువా పాలవుతాయి. అప్పటికప్పుడు నాకు నీడపట్టు ఉద్యోగం మీద మహా ప్రేమ పుట్టుకొచ్చింది.

మనుషులు ఎందుకు రావడం లేదో వెతికితే కారణం చిన్నదే. ఏ పటం కావాలన్నా దాని డ్రాయింగ్ నంబరు కొట్టాలి. ఆ నంబరు తెలిసినవాడికి ఆ పటం అవసరం లేదు, అవసరమున్నవాడికి నంబరు తెలియదు. సుజాత, నేను కలిసి ప్రతి పటానికీ పైనున్న ఊరి పేరు, వాగు పేరు, జనం ఆ గనిని పిలిచే పేరు జోడించడం మొదలుపెట్టాం. బయటివాళ్లు చూడదగిన పటాలను వేరుచేసి, ఫోన్‌లో కూడా తెరుచుకునేలా ఒక పేజీ తయారు చేయించాం. దాని గురించి కాగితం అచ్చు వేసి పంచాయతీలకు, కార్మిక సంఘాల ఆఫీసులకు, పాలిటెక్నిక్‌కు పంపాం. రెండు వారాలు గడిచినా పాలిటెక్నిక్ నుంచి ఒక లెక్చరర్ తప్ప ఎవరూ పలకలేదు.

మే నెలాఖరులో, రామగుండంలో రోడ్డు మీద తారు కరిగే రోజుల్లో, రాజేశ్వరి వచ్చింది.

మేడికుంటపల్లె వార్డు మెంబరు, మహిళా సంఘానికి అధ్యక్షురాలు. డిగ్రీ చదివింది, భర్త పక్క గనిలోనే డ్యూటీ. వెంట ఇద్దరు ఆడవాళ్లు. ఆఫీసులో అందరూ ఆమెను తప్పించుకు తిరుగుతారని తర్వాత తెలిసింది. వచ్చీ రాగానే ఫోన్ నా ముందు పెట్టింది. మా పేజీలోని పటమే, ఆమె ఊరి కింద ఇరవై ఏళ్ల కిందట మూసేసిన మేడికుంట ఇంక్లైన్, అంటే ఏటవాలు దారిన దిగే గని, దాని పటం.

"ఏంది సారూ గిది? మా ఊరి కింద గింత బాయి ఉన్నదని మాకెవ్వలు చెప్పిండ్రు? నాలుగు బోర్లేసినం. నాలుగూ ఎండిపాయె. ట్యాంకర్ వచ్చినప్పుడు బిందెల కాడ జుట్లు పట్టుకుంటున్నరు మా ఆడోళ్లు. గీ బాయిల నీళ్లు నిండి ఉన్నయని మీరే రాసిండ్రు గద. గవి మాకెందుకు రావు?"

బొగ్గు గనిని అక్కడి జనం బాయి అనే అంటారు. ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది, ఆ జవాబు చెప్పడానికే మొహమాటపడ్డాను. గని తవ్విన చోట పైరాళ్లు పగిలి, బోర్లలో ఊరాల్సిన నీళ్లన్నీ కిందికి, గ్యాలరీల్లోకి దిగిపోతాయి. వాళ్ల బోర్లు ఆ పగుళ్ల దగ్గరే ఆగిపోయాయి. నీళ్లు ఉన్నాయి, ఇంకా లోతున ఉన్నాయి. అక్కడికి బోరు వేస్తే పిల్లర్‌లో పడకూడదు, గ్యాలరీలో పడాలి. గ్యాలరీ వెడల్పు నాలుగు మీటర్లు. నూట యాభై మీటర్ల పైనుంచి ఆ సందును కొట్టాలి.

"గంతేనా? మీరు సర్వేయర్లే గద" అంది రాజేశ్వరి. ఆ మాటకు సుజాత ముసిముసిగా నవ్వడం నేను చూశాను.

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఆశ కూడా పుట్టించింది. ఎందుకంటే అవే నీళ్ల వల్ల పక్క గని మేనేజరుకు నిద్ర లేదు. రెండు గనుల మధ్య వదిలిన బొగ్గు గోడను బారియర్ అంటాం. అవతల నీళ్ల మట్టం దిగితే తప్ప ఆ గోడ సమీపంలో పనికి అనుమతి రాదు. లోపలి నుంచి చిల్లులు వేసి నీళ్లు దించడం ప్రమాదం. అదే నీళ్లను పైనుంచి ఊరు తోడుకుంటే ఆయన భయమూ తగ్గుతుంది, ఊరి గొంతూ తడుస్తుంది. ఒకే బోరు, ఇద్దరి అవసరం. ఆ బోరు ఎక్కడ వేయాలో చెప్పగలిగేది మా సర్వర్ ఒక్కటే. మూసేయాలన్నవాళ్లకు ఇంతకంటే జవాబేముంటుంది.

మరునాడే పక్క గని మేనేజరును వెంటబెట్టుకుని జీఎం గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నిదానంగా విన్నారు. పాత పనుల్లోకి బోరు వేయడం ఆషామాషీ వ్యవహారం కాదు. భద్రతా అధికారుల అనుమతి కావాలి, విషవాయువుల పరీక్ష ఏర్పాట్లు కావాలి. అన్నీ రాయించి సంతకం పెట్టి, అన్వేషణ విభాగం డ్రిల్లింగ్ మిషన్‌ను ఒక బోరుకు మాత్రం ఇస్తానన్నారు. నీళ్లు పడితే రిపాజిటరీ సంగతి తాను చూసుకుంటానని, పడకపోతే మళ్లీ ఆ మాట ఎత్తవద్దని కూడా అన్నారు.

పాత పటానికి, నేటి నేలకు ముడి వేయడం సర్వేలో అసలైన పని. మేడికుంట ఇంక్లైన్‌కు సొంత కొలతల గీతలు ఉండేవి, అన్నీ గని ముఖద్వారం దగ్గర సున్నాతో మొదలవుతాయి. ముఖద్వారం పూడ్చేసినా దాని కాంక్రీటు కట్ట, గాలి తోడే ఫ్యాన్ కూర్చోబెట్టిన దిమ్మె మిగిలే ఉన్నాయి. ఆ రెండు చోట్లా ఉపగ్రహ కొలతల పరికరం పెట్టి ఈనాటి లెక్కల్లోకి మార్చాం. సుజాత లెక్క, నా లెక్క విడివిడిగా చేసి సరిచూసుకున్నాం. అరచేతి వెడల్పు కూడా తేడా రాలేదు. ఊరి రోడ్డుకు అవతల, సంఘం భవనం వెనక ఖాళీ జాగాలో మేకు దిగ్గొట్టాం. ఆడవాళ్లు ఆ మేకుకు పసుపు కుంకుమ పెట్టారు.

మిషన్ మూడో రోజుకు బొగ్గు పొరను చేరింది. గ్యాలరీలో పడితే డ్రిల్లు రాడ్లు పట్టు తప్పి ఒక్కసారిగా కిందికి జారతాయి. జారలేదు. బోరు నోట్లోంచి నల్లటి బురద వస్తూనే ఉంది. గట్టి బొగ్గు. మేం పిల్లర్‌లో పడ్డాం. బొగ్గు పొర దాటి అడుగురాయి వచ్చేదాకా డ్రిల్లర్ ఆపలేదు, నా ముఖం చూడలేక అనుకుంటాను.

"బొగ్గు దొరికింది, నీళ్లే దొరకలె" అన్నాడు గుంపులోంచి ఎవరో. రాజేశ్వరి ఖాళీ బిందె చంకనెత్తుకుని ఇంటి దారి పట్టింది. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఊరికి మాట ఇచ్చి తప్పినట్టయింది. సిగ్గుతో జీపెక్కాను.

ఆ వారం సమీక్షలో కంప్యూటర్ల విభాగం అధికారి తన వంతు రాగానే లేచాడు. పటం తప్పని తేలిపోయింది కదా, తప్పు పటాలను దాచడానికి ఏటా ఖర్చు దేనికి అని అడిగాడు. ఆ ప్రశ్నలో తప్పు పట్టడానికేమీ లేదు. పటం తప్పయితే అది నీళ్ల సంగతి మాత్రమే కాదు, అదే పటాన్ని నమ్ముకుని పక్క గనిలో మనుషులు పనిచేస్తున్నారు, కాబట్టి తప్పెక్కడో తేల్చకుండా సర్వర్ ముట్టుకోవద్దన్నాను. నా గొంతు కాస్త పెద్దదే అయింది. పక్క గని మేనేజరు నా వైపు నిలబడ్డాడు. జీఎం గారు తేల్చడానికి వారం గడువిచ్చారు.

లెక్కలు మళ్లీ చేశాం. పరికరం మళ్లీ పెట్టాం. అంతా సరిగానే ఉంది, బోరు మాత్రం పిల్లర్‌లో ఉంది. తల బద్దలు కొట్టుకుంటుండగా రాజేశ్వరి వచ్చింది. ఈసారి ఒక్కతే. రెండో బోరు వేస్తారా లేదా, తేల్చి చెబితే సంఘం తరఫున వేరే దారి చూసుకుంటామంది. ఆమెకు విషయం అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత నాది. పెద్ద తెర మీద పటం వేసి, ఇవి పిల్లర్లు, ఇవి గ్యాలరీలు, ఇక్కడ మేం కొట్టాం అని చూపించాను.

ఆమె కాసేపు చూసి వేలు పెట్టింది. "గీ వరుస ఒక్కటి గింత పొడుగెందుకున్నది? కడమయన్నీ ఒక్క తీరున్నయి గద."

నిజమే, ఒక వరుస పిల్లర్లు మిగతావాటికంటే పొడుగు. దానికి మా దగ్గర కారణం సిద్ధంగా ఉంది. పైన రోడ్డో, రైలుకట్టో, చెరువో ఉంటే కింద పెద్ద పిల్లర్లు వదలడం మా వృత్తిలో తప్పనిసరి. ఆ వరుసకు సరిగ్గా పైన ఊరి రోడ్డు వెళుతుంది. పటం చూసిన ప్రతి సర్వేయరూ పైన రోడ్డును, కింద పిల్లర్లను చూసి తృప్తిగా తల ఊపి ముందుకు పోయాడు. నేనూ అంతే. అదే ఆమెకు చెప్పాను, పాఠం చెప్పే పంతులులా.

"ఏ రోడ్డు, మా ఊరి తొవ్వనా?" అంది. "గది బాయి బందైనంక పడ్డది సారూ. నా పెండ్లినాడు కచ్చురం బండి గట్టు మీదికెళ్లి తిరిగి వచ్చింది. గీడ అన్నీ పొలాలే ఉండె."

లేని రోడ్డు కోసం గనిలో ఎవరూ పిల్లర్లు వదలరు.

సుజాత అప్పటికే ఇంకో ఫైలు తెరుస్తోంది. ఒకే గనికి రకరకాల పటాలుంటాయి. మా పని పటం పెద్ద స్కేలులో, షీట్లు షీట్లుగా ఉంటుంది. గాలి ఎటు నుంచి ఎటు పోవాలో చూపే వెంటిలేషన్ పటం చిన్న స్కేలులో ఒకే షీటు మీద గీస్తారు. ఒకే గని రెండుసార్లు ఎందుకని, జాగా ఆదా చేయడానికి వెంటిలేషన్ పటాలు తీసేయమని కాంట్రాక్టరు మనిషి నాకు ముందున్న ఇన్‌చార్జికి ఎన్నోసార్లు చెప్పాడట. గని లోపల గాలి చూసేవాళ్లూ మా మనుషులే, వాళ్లకు ఈ పటాలు కావాలని చెప్పి ఆయన తీసేయనివ్వలేదు. ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆ వెంటిలేషన్ పటంలో పిల్లర్లన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. పొడుగు వరుస లేనే లేదు.

అప్పుడు తెలిసింది. గని పెరిగేకొద్దీ పాత డ్రాఫ్ట్స్‌మన్లు షీటుకు షీటు అతికించేవాళ్లు. అతికించడానికి కొత్త షీటు అంచున వేలి వెడల్పు ఖాళీ వదిలి, దాన్ని పాత షీటు కిందికి తోసి జిగురు పెట్టేవాళ్లు. స్కాన్ చేసేటప్పుడు షీట్లు విడదీశారు. జిగురు అంచు బయటపడింది. కాంట్రాక్టరు మనుషులు ఆ ఖాళీని కూడా నేలే అనుకుని అంచుకు అంచు కలిపేశారు. కాగితం మీద సెంటీమీటరు అంటే నేల మీద ఇరవై మీటర్లు. అతుకు అవతలి డిప్ భాగమంతా తెర మీద అసలు చోటు నుంచి అవతలికి జరిగిపోయింది. తెలియనివాడైతే ఆ పొడుగు వరుస చూసి ఇదేమిటని అడిగేవాడు. మాకు కారణం తెలుసు కాబట్టి మేం అడగలేదు.

పాత అసలు షీట్లు తీయించి జిగురు మరక వెడల్పు కొలిచాం. తేడా సరిగ్గా అంతే. నాకు పట్టరాని సంతోషం కలిగింది, దాచుకోవడానికి ప్రయత్నించను కూడా లేదు. సుజాత నెత్తి మీద తట్టి, క్యాంటీన్ నుంచి అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను. "బజ్జీలు సరే, బోరెప్పుడు?" అంది రాజేశ్వరి తింటూనే.

జీఎం గారికి రెండు పటాలూ పక్కపక్కనే పెట్టి చూపించాం. ఆయన ఒకే ప్రశ్న అడిగారు, పక్క గని బారియర్ లెక్క ఏమవుతుందని. పాత గ్యాలరీలు అనుకున్నదానికంటే ఇవతల ఉన్నాయి కాబట్టి బారియర్ ఇంకా మందంగానే ఉందని చెప్పాం. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలడం చూశాను. ఇదే తప్పు ఇంకో వైపుకు జరిగి ఉంటే ఏమయ్యేదో ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. ఒక్క బోరు అన్న మాటను జీఎం గారే పక్కన పెట్టి, రెండో బోరుకు సంతకం చేశారు. ఏరియాలో అతికించిన షీట్లన్నీ ఇలాగే సరిచూడాలని ఆదేశం కూడా ఇచ్చారు. కంప్యూటర్ల విభాగం అధికారి ఆ కాగితం తానే టైపు చేయించాడు.

రెండో మేకు రోడ్డుకు ఇవతల, పోచవ్వ అనే ముసలమ్మ ఇంటి ముందు పడింది. ఈసారి ఎవరూ పసుపు కుంకుమ పెట్టలేదు. మిషన్ చుట్టూ జనం కూడా పలచగానే ఉన్నారు. మధ్యాహ్నం డ్యూటీ బస్సు ఊరు దాటిన కాసేపటికి డ్రిల్లర్ చెయ్యెత్తాడు. రాడ్లు జారాయి. మనిషి ఎత్తు జారి, గ్యాలరీ అడుగున ఆగాయి. నాలుగు మీటర్ల సందు మధ్యలో పడ్డాం. నేను సర్వీసులో ఎన్నో గ్యాలరీలు కలిపించాను, రెండు వైపుల నుంచి తవ్వుకొచ్చిన సొరంగాలు మా లెక్క ప్రకారం కలుసుకోవడం ఎన్నోసార్లు చూశాను. ఆ రోజంత గర్వం మాత్రం ఎప్పుడూ కలగలేదు.

వాయు పరీక్షలు అయ్యాక తాడు దించి చూస్తే నీళ్లు బోరులో పైకి ఎగదన్ని నిలబడి ఉన్నాయి. పంపు దించి స్విచ్ వేశారు. ముందు బూడిద రంగు, ఆ తర్వాత తేటగా, పంపు నిండా వచ్చాయి. పొద్దుగూకేదాకా ఆపకుండా నడిపినా ధార సన్నబడలేదు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. పోచవ్వ దోసిలి పట్టి మొహం కడుక్కుని, "గిన్నేండ్లు మా కిందనే ఉన్నయా ఇవి" అంది. రాజేశ్వరి చీరంతా తడుపుకుని నా దగ్గరికి వచ్చి, "సారూ, ఇగ మీరు సర్వేయరే" అంది. సర్టిఫికెట్లు చాలానే తీసుకున్నాను, ఇంత చిన్నదాన్ని ఇంత పెద్దగా ఎవరూ ఇవ్వలేదు.

ఆ నీళ్లు అలాగే తాగడానికి పనికిరావని ల్యాబు తేల్చింది. పొలాలకు, పశువులకు నేరుగా, తాగడానికి ఫిల్టరు ప్లాంటు ద్వారా ఇచ్చే ఏర్పాటు జరిగింది. పక్క గనిలో ప్రతి వారం నీటి మట్టం కొలిచి మా సర్వర్‌లోనే ఎక్కించేవాళ్లు. అది మెల్లమెల్లగా దిగింది. మేనేజరుకు పని అనుమతి వచ్చింది.

దసరా ముందు జరిగిన సమావేశంలో రిపాజిటరీని కొనసాగిస్తూ నిర్ణయమైంది. మేం అడిగిన మార్పులతోనే అయింది. కాంట్రాక్టరు సాఫ్ట్‌వేర్ ఉంటేనే తెరుచుకునే ఫైళ్లు వద్దని, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే మామూలు రూపంలోకి అన్నిటినీ మార్పించాం. ఒక నకలు మా దగ్గర, ఒకటి హెడ్డాఫీసులో, ఒకటి ఈ రెండింటికీ దూరంగా. రిపాజిటరీని చూసుకోవడం ఫలానా హోదా ఉద్యోగి విధి అని డ్యూటీ జాబితాలో రాయించాం. మనిషి మారినా పని మారకుండా ఉండాలంటే కంపెనీలో ఇదొక్కటే దారి. ఏటా రక్షణ వారోత్సవాలప్పుడు గనుల్లో ప్రమాద అభ్యాసం చేయిస్తారు కదా, అలాగే ఆ వారంలో ఏవో కొన్ని పాత పటాలు తీసి, తెరుచుకుంటున్నాయా, చదవగలుగుతున్నామా అని పరీక్షించే పద్ధతి పెట్టాం. అతుకుల సవరణ సుజాత చేతుల మీదుగా జరిగింది. ఆమెకు ప్రమోషన్ వచ్చింది.

నా సర్వీసు చివరి శీతాకాలంలో ఒక ఉదయం సర్వర్ ఆగిపోయింది. నేను ఇంకా టిఫిన్ చేస్తున్నాను. మొదటి ఫోన్ రాజేశ్వరిది.

"ఏం సారూ, మా పటం కనవడ్తలేదు. నీళ్ల మట్టం ఎక్కియ్యలేదని మీ కంపెనీ మీద దరఖాస్తు పెట్టాల్నా?"

ఆమె తర్వాత పక్క గని మేనేజరు, ఆ తర్వాత పరీక్షల ముందు విద్యార్థులను కూర్చోబెట్టుకున్న పాలిటెక్నిక్ లెక్చరర్. నేను ఆఫీసుకు చేరేసరికి కంప్యూటర్ల విభాగం అధికారి నేల మీద కూర్చుని వైర్లు పీకుతున్నాడు. చెమటలు కక్కుతూ, "పొద్దట్నుంచి ఊపిరి తీసుకోనిస్తలేరు సర్. ఇంతమంది ఎక్కడినుంచి వచ్చిండ్రు?" అన్నాడు. మధ్యాహ్నం భోజనం వేళకు అంతా మామూలైంది.

ముప్పై ఏళ్లకు పైగా పటాలు గీశాను, కొలిచాను, దాచాను. వాటిని కాపాడేది మంచి కాగితం, మంచి బీరువా, మంచి సర్వర్ అని చాలాకాలం నమ్మాను. ఇవన్నీ అవసరమే, కానీ చాలవు. మైక్రోఫిల్ము చూసే మిషను పాడైన రోజు ఎవరూ ఫోన్ చేయలేదు.